హార్మోన్ వైద్యానికి లొంగని ప్రోస్టేట్ క్యాన్సర్: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాల్లో ఈ జబ్బుతో ఆసుపత్రుల చుట్టూ తిరిగే తెలుగు కుటుంబాలకు ఒక చిక్కుంది. డాక్టరు ఒడియాలో చెబుతారు, చీటీ ఇంగ్లిషులో ఉంటుంది. ఇంటికొచ్చి పెద్దాయనకి తెలుగులో చెప్పేసరికి సగం జారిపోతుంది. అందుకే అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని అడిగినవాళ్ళ మాటల్లోనే ఉంచి, జబ్బు నడిచే వరసలో ఇక్కడ పెట్టాం. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మోతాదులు రాసింది చీటీ అర్థం కావడానికే, ఇంట్లో మార్చుకోవడానికి కాదు.

## పీఎస్‌ఏ మళ్ళీ లేచినప్పుడు

బీజాలు తీసేశారు కదా, మరి పీఎస్‌ఏ ఎలా పెరుగుతోంది?

పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ కణాలు రక్తంలోకి వదిలే ప్రొటీన్, జబ్బు కదలికని దాని అంకెతో చూస్తారు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణం బతికేది టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మీద. వృషణాలు తీసేసినా, నెలకో మూడు నెలలకో ఇంజక్షన్ వేసినా ఆ సరఫరా ఆగుతుంది, జబ్బు లొంగుతుంది. ఈ సంగతి 1941లోనే చార్లెస్ హగిన్స్ చూపించారు. దానికే 1966లో నోబెల్ వచ్చింది.

అయితే కాలవ నీళ్ళు కట్టేస్తే రైతు బోరు వేసుకున్నట్టు, కణాలు కూడా కొన్నాళ్ళకి వేరే దారి వెతుక్కుంటాయి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కొద్దిగా మగ హార్మోన్ తయారు చేస్తాయి, కణాలు దాన్ని వాడుకుంటాయి. కొన్ని కణాలు తమలోనే హార్మోన్ తయారు చేసుకుంటాయి. ఇంకొన్ని హార్మోన్‌ను అందుకునే రిసెప్టర్ల సంఖ్యను ఎన్నో రెట్లు పెంచుకుని, చుక్క దొరికినా చాలన్నట్టు తయారవుతాయి. కొన్నింటిలో రిసెప్టర్ రూపమే మారిపోయి, హార్మోన్ లేకుండానే పనిచేస్తుంది. అంటే ‘హార్మోన్‌కి లొంగలేదు’ అన్న మాట సగమే నిజం. చాలామందిలో జబ్బు ఇంకా ఆ హార్మోన్ దారిలోనే నడుస్తుంటుంది. అబిరాటెరోన్, ఎంజాలుటమైడ్ లాంటి మందులు పనిచేసేది అందుకే.

పీఎస్‌ఏ ఒక్కసారి పెరిగింది. ఇంక లొంగనట్టేనా?

ఒక్క రిపోర్టుతో తేల్చరు. యూరప్ యూరాలజిస్టులు వాడుతూ వచ్చిన లెక్క ఇది: కనీసం వారం తేడాతో వరసగా మూడుసార్లు పెరగాలి, వాటిలో రెండుసార్లు అన్నిటికన్నా తక్కువగా నమోదైన అంకె మీద 50 శాతం పైన ఉండాలి, పీఎస్‌ఏ 2 దాటాలి. ఇదంతా టెస్టోస్టిరాన్ 50 కన్నా తక్కువగా ఉన్నప్పుడే లెక్కలోకి వస్తుంది. పీఎస్‌ఏ సంగతి ఎలా ఉన్నా, స్కాన్‌లో కొత్త మచ్చలు కనిపిస్తే అది వేరే రుజువు.

ఒక ల్యాబ్ యంత్రానికీ ఇంకో ల్యాబ్ యంత్రానికీ అంకెలు తేడా పడతాయి. ఒకసారి పర్లాకిమిడిలో, ఇంకోసారి విశాఖలో చేయించి రెండిటినీ పక్కపక్కన పెట్టి కంగారు పడొద్దు. ఒకే ల్యాబ్‌లో చేయించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఈమధ్యే మూత్రపు గొట్టం వేసినా ఆ మాట డాక్టరుకి చెప్పండి.

డాక్టరు టెస్టోస్టిరాన్ పరీక్ష రాశారు. ఇంజక్షన్ వేయిస్తూనే ఉన్నాం, ఇదెందుకు?

ఇంజక్షన్ వేయించడం వేరు, అది పనిచేయడం వేరు. కొత్త ఖరీదైన మందు మొదలుపెట్టే ముందు తప్పకుండా చేయించాల్సిన చవక పరీక్ష ఇదే. ఫలితం 50 నానోగ్రాములు/డెసిలీటరు కన్నా తక్కువ ఉండాలి, 20 కన్నా తక్కువుంటే ఇంకా మంచిది. ఎక్కువుంటే జబ్బు మొండిది కాకపోవచ్చు, ఇంజక్షనే సరిగా పడి ఉండకపోవచ్చు.

ఎక్కడ తప్పుతుందంటే: ‘మూడు నెలల’ ఇంజక్షన్‌ని పంట పనులనో పండగనో వారాల తరబడి వెనక్కి నెట్టడం, నెల మోతాదు కొని మూడు నెలలకి సరిపెట్టడం, పొడి మందులో ద్రావకం సరిగా కలపకుండా సగం సీసాలోనే ఉండిపోవడం, పెట్టె మీద ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉన్నా ఎండలో బస్సు మీద తేవడం. ల్యూప్రోలైడ్ అయితే సాధారణంగా నెలకి 7.5 లేదా మూడు నెలలకి 22.5 మిల్లీగ్రాములు. గోసెరెలిన్ అయితే నెలకి 3.6 లేదా మూడు నెలలకి 10.8. ఖాళీ పెట్టె మీది మోతాదు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి.

హార్మోన్ ఇంక పనిచేయట్లేదన్నారు. ఇంజక్షన్ మానేస్తే డబ్బు మిగులుతుంది కదా?

మానకూడదు. జబ్బులో కొన్ని కణాలే తిరగబడ్డాయి, మిగతావి ఇంకా లొంగే ఉన్నాయి. ఇంజక్షన్ ఆపితే టెస్టోస్టిరాన్ మళ్ళీ పెరిగి వాటికీ బలమొస్తుంది. అబిరాటెరోన్ అయినా కీమో అయినా, దాని కింద ఈ ఇంజక్షన్ నడుస్తూనే ఉండాలి. వృషణాలు తీసేసినవారికి ఈ ఖర్చే లేదు. మూడు నెలలకోసారి ఊరు దాటి వెళ్ళడం కష్టమైన ఇళ్ళకి ఆ చిన్న ఆపరేషన్ ఇప్పటికీ మంచి దారే. మగతనం పోతుందన్న బెంగ ఉంటుంది, నిజమే. కానీ ఇంజక్షన్ చేసేదీ అదే పని.

బికాలుటమైడ్ మాత్ర ఆపమన్నారు. జబ్బు పెరుగుతుంటే మందు ఆపడమేంటి?

ఇది పొరపాటు కాదు. బికాలుటమైడ్ హార్మోన్ రిసెప్టర్‌కి అడ్డుపడే మాత్ర. ఏళ్ళ తరబడి వాడాక కొందరిలో రిసెప్టర్ మారిపోయి, ఆపాల్సిన మాత్రే జబ్బుకి మేతగా మారుతుంది. ఆపితే కొద్దిమందిలో పీఎస్‌ఏ దానంతటదే తగ్గుతుంది. ఫలితం తెలియడానికి బికాలుటమైడ్‌కి ఆరు వారాలు, ఫ్లుటమైడ్‌కి నాలుగు వారాలు చూస్తారు. నొప్పులు ఎక్కువగా ఉంటే, జబ్బు వేగంగా పాకుతుంటే ఆ ఎదురుచూపు లేకుండానే తర్వాతి మందుకి వెళ్తారు.

పీఎస్‌ఏ తక్కువే ఉంది. అయినా కాలేయంలో గడ్డలు వచ్చాయన్నారు. రిపోర్టు తప్పా?

తప్పు కాకపోవచ్చు. కొన్ని కణాలు హార్మోన్ దారిని పూర్తిగా వదిలేసి, చిన్న కణాల ఊపిరితిత్తి క్యాన్సర్ లాంటి రూపం తీసుకుంటాయి. దీన్ని న్యూరోఎండోక్రైన్ మార్పు అంటారు. వాటిలో పీఎస్‌ఏ తయారవదు కాబట్టి ఆ అంకె చూసి నిశ్చింతగా ఉండటం ప్రమాదం. ఇలాంటప్పుడు గడ్డ నుంచి మళ్ళీ ముక్క తీసి పరీక్షిస్తారు. అదే అని తేలితే సిస్‌ప్లాటిన్ లేదా కార్బోప్లాటిన్‌తో కలిపిన కీమో ఇస్తారు. అక్కడ అబిరాటెరోన్ లాంటివి పెద్దగా పనికిరావు.

## ఏ మందు అన్నది తేల్చుకునేటప్పుడు

స్కాన్‌లో ఎక్కడా ఏమీ లేదు, పీఎస్‌ఏ మాత్రం పెరుగుతోంది. ఇప్పుడే మందు మొదలెట్టాలా?

పీఎస్‌ఏ ఎంత ఉందన్నదాని కన్నా ఎంత వేగంగా రెట్టింపవుతోందన్నది ముఖ్యం. 4 నుంచి 8కి చేరడానికి ఆరు నెలలే పట్టిందంటే వేగం ఎక్కువ, రెండేళ్ళు పట్టిందంటే ఆగి చూడొచ్చు. గీత 10 నెలల దగ్గర గీశారు. అంతకన్నా త్వరగా రెట్టింపయ్యేవారిలో మూడు మందులు జబ్బు ఇతర చోట్లకి పాకడాన్ని బాగా వెనక్కి నెట్టాయి. జబ్బు పాకకుండా గడిచిన కాలం అపాలుటమైడ్‌తో సగటున 40.5 నెలలు, మందు లేని ఉత్త మాత్రతో 16.2. ఎంజాలుటమైడ్‌తో 36.6, 14.7. డారోలుటమైడ్‌తో 40.4, 18.4. ఈ ఫలితాలు 2018, 2019ల్లో వచ్చాయి. మూడింటిలో డారోలుటమైడ్ మెదడులోకి తక్కువగా వెళ్తుంది. మూర్ఛ ఉన్నవారికి, తూలి పడిపోయే ముసలివారికి దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

ఎముకలకి పాకింది. మాత్రలా, కీమోనా, ఏది ముందు?

ఇంతకు ముందు ఏం వాడారన్నదే మొదటి ప్రశ్న. ఇప్పటిదాకా ఒట్టి హార్మోన్ ఇంజక్షనే నడిచి, నొప్పులు పెద్దగా లేకపోతే సాధారణంగా అబిరాటెరోన్ గానీ ఎంజాలుటమైడ్ గానీ ముందు. ఈ రోజుల్లో చాలామందికి జబ్బు బయటపడ్డ మొదట్లోనే వీటిలో ఒకటి ఇచ్చేస్తున్నారు. అలాంటివారికి తర్వాతి మెట్టు ఎక్కువగా డోసిటాక్సెల్ కీమో. కాలేయం, ఊపిరితిత్తులకి పాకినా, నొప్పులు తీవ్రంగా ఉన్నా కీమోనే ముందుకి వస్తుంది.

డోసిటాక్సెల్ తర్వాత కబాజిటాక్సెల్ అనే ఇంకో కీమో ఉంది. ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 25 బదులు 20 మిల్లీగ్రాములు ఇచ్చినా ఆయుష్షులో తేడా రాలేదు, ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. జబ్బు ఎముకలకే పరిమితమై నొప్పి ఉన్నవారికి రేడియం-223 ఇంజక్షన్ ఒక దారి. నెలకోటి చొప్పున ఆరు. దాన్ని ఎముకల బలం మందు లేకుండా, అబిరాటెరోన్‌తో జతచేసి ఇస్తే ఎముకలు విరగడం ఎక్కువైందని తేలింది. కాబట్టి ఆ జత వద్దు.

అబిరాటెరోన్ పనిచేయడం మానేసింది. ఎంజాలుటమైడ్‌కి మారితే?

రెండూ ఒకే దారిని రెండు చోట్ల కట్టేస్తాయి. ఒకదాన్ని తప్పించుకున్న కణం రెండోదాన్నీ చాలావరకు తప్పించుకుంటుంది. అబిరాటెరోన్ తర్వాత ఎంజాలుటమైడ్ కొందరిలో కొద్ది నెలలు పనిచేస్తుంది, తిరగేసి ఇస్తే ఫలితం ఇంకా తక్కువ. 2019లో వచ్చిన ‘కార్డ్’ ట్రయల్‌లో డోసిటాక్సెల్, ఈ రెండు మాత్రల్లో ఒకటి అయిపోయినవారిని రెండు జట్లు చేశారు. కబాజిటాక్సెల్ తీసుకున్నవారు సగటున 13.6 నెలలు, రెండో మాత్రకి మారినవారు 11 నెలలు బతికారు. మా అభిప్రాయం అడిగితే, కీమో తట్టుకోగల మనిషికి మాత్ర మార్చి మాత్ర ఇస్తూ నెలలు పోగొట్టుకోవద్దు. కీమోకి ఒళ్ళు సహకరించనివారి సంగతి వేరు.

జన్యు పరీక్ష చేయించమన్నారు. దానివల్ల ఒరిగేదేంటి?

మందు మారుతుంది. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2, ఏటీఎం లాంటి డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులు దెబ్బతిన్నవారిలో ఒలాపరిబ్ మాత్ర పనిచేస్తుంది. 300 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. ఈ మూడు జన్యువుల లోపాలున్నవారిలో జరిగిన పరీక్షలో ఒలాపరిబ్‌తో మొదలుపెట్టినవారి సగటు ఆయుష్షు 19.1 నెలలు, వేరే మాత్రకి వెళ్ళినవారిది 14.7. మేలు ఎక్కువగా కనిపించేది బీఆర్‌సీఏ2 వారిలో.

పరీక్ష రెండు రకాలు: రక్తంలో చేసేది వంశపారంపర్య లోపాన్ని చూపిస్తుంది, గడ్డ ముక్కలో చేసేది జబ్బులోనే పుట్టినదాన్ని కూడా చూపిస్తుంది. మొదటి బయాప్సీ చేసిన ల్యాబ్ నుంచి మైనం దిమ్మ, అంటే బ్లాక్, అడిగి తీసుకోండి. అది రోగిదే, ఇస్తారు. మరీ పాతబడితే డీఎన్‌ఏ పాడై ఫలితం రాదు. ఎముక ముక్కని ఆసిడ్‌తో మెత్తబరిస్తే కూడా అంతే. అందుకే ఎముక బయాప్సీ చేసేముందే ‘జన్యు పరీక్షకి పంపాలి’ అని చెప్పాలి.

ఇంకో మాట. జబ్బు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో నూటికి సుమారు 12 మందిలో ఈ లోపం పుట్టుకతో వచ్చినదే. అలాంటి తండ్రి నుంచి కొడుకుకైనా కూతురుకైనా వచ్చే అవకాశం సగానికి సగం. కూతుళ్ళకి రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి ‘పెళ్ళయిపోయిన పిల్లకెందుకు’ అనకుండా వాళ్ళకి చెప్పాలి.

లుటీషియం ఇంజక్షన్ అంటున్నారు. అందరికీ పనిచేస్తుందా?

పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో మచ్చలు బాగా వెలిగితేనే. ప్రోస్టేట్ క్యాన్సర్ కణం మీద పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని పట్టుకునే అణువుకి లుటీషియం-177 అనే రేడియో ధార్మిక పదార్థం కట్టి నరంలోకి పంపుతారు. అది కణం దగ్గరకే వెళ్ళి అక్కడ కిరణాలు వదులుతుంది. 2021లో వచ్చిన ‘విజన్’ ట్రయల్‌లో మామూలు వైద్యంతో 11.3 నెలలుగా ఉన్న సగటు ఆయుష్షు దీనితో 15.3 నెలలకి పెరిగింది. ఆరు వారాలకోసారి, నాలుగు నుంచి ఆరు మోతాదులు.

నోరు ఎండిపోవడం, నీరసం, రక్తకణాలు తగ్గడం ప్రధాన ఇబ్బందులు. మూత్రపిండాలు బాగుండాలి. లుటీషియం ఆరేడు రోజుల్లో సగానికి తగ్గిపోతుంది కాబట్టి మోతాదు మీ పేరు మీద ఫలానా రోజుకే తెప్పిస్తారు. ఆ రోజు రైలు తప్పితే అది వృథా. మన దేశంలో ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో ఇది తయారవుతుంది. పెట్ స్కాన్ ఉన్న ప్రతిచోటా ఈ వైద్యం ఉండదు, ఫోన్ చేసి కనుక్కునే బయలుదేరాలి. ఇంటికొచ్చాక కొన్ని రోజులు కూర్చుని మూత్రం పోసి, రెండుసార్లు నీళ్ళు కొట్టాలి. గర్భిణులకీ చంటిపిల్లలకీ దూరంగా పడుకోవాలి.

నాన్నగారికి ఇంకెంత కాలం?

రిపోర్టుల్లో ఉండే ‘సగటు ఆయుష్షు’ అంటే నూరుమందిలో యాభైమంది అంతకన్నా ఎక్కువ బతికారని అర్థం. అది ఎవరికీ గడువు కాదు. 2004లో డోసిటాక్సెల్ పరీక్షలో ఆ అంకె 18.9 నెలలు, అప్పటి పాత కీమోతో 16.5. ఆ రోజుల్లో దాని తర్వాత ఇవ్వడానికి చెప్పుకోదగ్గ మందే లేదు, ఇప్పుడు నాలుగైదు ఉన్నాయి. జబ్బు ఎముకల్లోనే ఉండి, మనిషి తన పనులు తాను చేసుకుంటూ, మొదటి హార్మోన్ వైద్యం ఏళ్ళ తరబడి పనిచేసి ఉంటే కాలం ఎక్కువ. కాలేయానికి పాకితే తక్కువ. డాక్టరుని ‘నెలలా, సంవత్సరాలా’ అని అడగండి, ఆ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది.

## మందు నడుస్తున్నప్పుడు

అబిరాటెరోన్ ఎప్పుడు వేసుకోవాలి? అన్నం తిన్నాకా?

పూర్తి మోతాదు 1000 మిల్లీగ్రాములు, అంటే 250 మాత్రలు నాలుగు, ఒకేసారి ఖాళీ కడుపుతో. తిన్నాక రెండు గంటలు ఆగాలి, వేసుకున్నాక గంటదాకా ఏమీ తినకూడదు. తెల్లవారుజామున లేవగానే వేసుకుంటే సులువు. కొవ్వున్న భోజనంతో వేసుకుంటే ఒంట్లోకి చేరే మందు పది రెట్ల దాకా పెరుగుతుంది, నాలుగు మాత్రల మీద అది ప్రమాదం.

దీనితో ప్రెడ్నిసోలోన్ 5 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, అన్నం తిన్నాక. ‘స్టిరాయిడ్ మంచిది కాదట’ అని ఇదొక్కటి ఆపేసేవాళ్ళున్నారు. ఆపితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, కాళ్ళు వాస్తాయి, గుండె లయ తప్పొచ్చు. షుగర్ ఉన్నవారికి ప్రెడ్నిసోలోన్‌తో షుగర్ పెరుగుతుంది. దానికి షుగర్ మందు సర్దుకోవాలే గాని స్టిరాయిడ్ తీసేయకూడదు. కాలేయ పరీక్ష మొదటి మూడు నెలలు రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలకోసారి. బీపీ, పొటాషియం నెలనెలా. మాత్రని నలిపి ఇవ్వొద్దు, గర్భిణులు ముట్టుకోవద్దు.

నెలకి నాలుగు మాత్రల లెక్కన కొనలేం. ఒక్కటి వేసుకుంటే చాలంటున్నారు, నిజమా?

ఆధారం లేని మాట కాదు. 2018లో 72 మంది మీద చేసిన పరీక్షలో, తక్కువ కొవ్వున్న పొద్దుటి ఫలహారంతో 250 మిల్లీగ్రాములు ఇస్తే పీఎస్‌ఏ తగ్గుదల పూర్తి మోతాదుకి తీసిపోలేదు. చిన్న పరీక్ష. పీఎస్‌ఏనే చూశారు, ఆయుష్షు చూడలేదు. అయినా డబ్బు లేక మందే మానేయడం కన్నా ఇది ఎంతో మేలని మన దేశంలో చాలామంది క్యాన్సర్ డాక్టర్లు ఇలా రాస్తున్నారు. షరతులు రెండు: డాక్టరు రాసి ఇవ్వాలి, మాత్ర ఆహారంతోనే వేసుకోవాలి. ఒక్క మాత్ర ఖాళీ కడుపుతో వేసుకుంటే రెంటికీ చెడినట్టు.

కొనేటప్పుడు ఎంఆర్‌పీని నమ్మొద్దు. జెనెరిక్ కంపెనీలు చాలా ఉన్నాయి, అచ్చువేసిన ధరకీ అసలు అమ్మే ధరకీ పొంతన ఉండదు. కేంద్ర ప్రభుత్వపు అమృత్ ఫార్మసీలో, పెద్ద ఆసుపత్రి మందుల షాపులో, బయట మూడు చోట్లా అడగండి. బ్యాచ్ నంబరుతో బిల్లు తీసుకోండి.

ఎంజాలుటమైడ్ మొదలెట్టాక ఒంట్లో ఓపిక లేదు, బీపీ కూడా పెరిగింది. ఆపేయాలా?

రోజుకి 160 మిల్లీగ్రాములు, అంటే 40వి నాలుగు. దీనికి స్టిరాయిడ్ అక్కర్లేదు, తిండితో పనిలేదు. నీరసం మామూలే. మరీ ఎక్కువైతే డాక్టరు మోతాదు తగ్గిస్తారు. బీపీ పెరగడానికి రెండు కారణాలు. మందే పెంచుతుంది, పైగా ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రల్ని కాలేయంలో త్వరగా కరిగించేస్తుంది. రక్తం పలచబరిచే మందులు, మూర్ఛ మందులు, గుండె మందులు వాడేవారు ఆ చీటీలన్నీ ముందే చూపించాలి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే, పక్షవాతం వచ్చి ఉంటే దాచొద్దు.

డోసిటాక్సెల్ ఎలా ఎక్కిస్తారు? ఏ రోజుల్లో జాగ్రత్త?

ఒంటి వైశాల్యం చదరపు మీటరుకి 75 మిల్లీగ్రాములు, మూడు వారాలకోసారి. 1.6 చదరపు మీటర్ల మనిషికి 120 మిల్లీగ్రాములు. సెలైన్‌లో కలిపి గంటసేపు. ఎక్కించడానికి 12 గంటల ముందు, 3 గంటల ముందు, గంట ముందు డెక్సామెథసోన్ 8 మిల్లీగ్రాములు వేసుకోవాలి. మొదటిది ముందురోజు రాత్రే, ఇంటి దగ్గరే పడుతుంది. మరచిపోయి వస్తే ఎలర్జీ, ఒళ్ళు వాపు. పద్ధతిగా చూసే చోట ఆ రోజు కీమోనే వాయిదా వేస్తారు. రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 1500 పైన ఉండాలి, కాలేయం సంగతి చెప్పే బిలిరుబిన్ మామూలుగా ఉండాలి.

తెల్లకణాలు బాగా తగ్గేది ఏడో రోజు నుంచి పదో రోజు మధ్య. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. గంటలోపు ఆసుపత్రిలో ఉండాలి. ‘కీమో నడుస్తోంది, ఫలానా రోజు ఎక్కించారు’ అన్న మాట ముందు చెప్పాలి. లేకపోతే మలేరియా పరీక్ష ఒక్కటి చేసి కూర్చోబెడతారు. మన జిల్లాల్లో అదీ చేయాల్సిందే, కానీ యాంటీబయాటిక్ ఇంజక్షన్ దానికోసం ఆగకూడదు. వేళ్ళ తిమ్మిరి, గోళ్ళు నల్లబడటం మెల్లగా వస్తాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేనంత తిమ్మిరి ఉంటే తర్వాతి మోతాదుకి ముందే చెప్పాలి.

కీమో రోజుల్లో చోడి అంబలి, పొఖాళో తినొచ్చా?

చోడి అంబలి మంచిదే, కాచి చల్లార్చిన నీళ్ళతో ఏ పూటకాపూట చేసుకుంటే. రాత్రంతా పులియబెట్టిన చద్దన్నం, పొఖాళో మాత్రం తెల్లకణాలు తగ్గిన రోజుల్లో వద్దు. అన్నం మంచిదే గానీ అది నానిన నీళ్ళ మీదే అనుమానం. బజారు చట్నీలు, కోసి పెట్టిన పండ్లూ అంతే. గుడ్డు, చేప, పప్పు బాగా ఉడికించి పెట్టండి. నాటుమందులు, ఆకు పసర్లు ఈ మందులతో కలిసి కాలేయాన్ని దెబ్బతీస్తే, ఏది చెడగొట్టిందో తెలియక రెండూ ఆపాల్సి వస్తుంది.

ఎముకల ఇంజక్షన్‌కి ముందు పళ్ళ డాక్టరు దగ్గరకి పొమ్మన్నారు. ఎందుకు?

జోలెండ్రోనిక్ ఆసిడ్ గానీ డెనోసుమాబ్ గానీ వాడేవారికి పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదముంది. అందుకే పీకాల్సినవి ముందే పీకించి, పుండు మానాక మొదలెడతారు. జోలెండ్రోనిక్ 4 మిల్లీగ్రాములు, 15 నిమిషాలకి తగ్గకుండా ఎక్కించాలి. తొందరగా తోస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రతిసారీ ముందు క్రియాటినిన్, అంటే మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చూడాలి. నెలనెలా వేయించినా 12 వారాలకోసారి వేయించినా ఎముకలకి ఒకే రక్షణ అని 2017లో తేలింది. దూరాభారం ఉన్నవారు ఈ మాట డాక్టరుతో కదపాలి. కాల్షియం, విటమిన్ డి మానకూడదు.

నడుం నొప్పి ఉంది, రెండు రోజులుగా కాళ్ళు తేలిపోతున్నాయి. వచ్చే వారం అపాయింట్‌మెంట్ దాకా ఆగొచ్చా?

ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఎముకలోని గడ్డ వెన్నుపాముని నొక్కుతోందేమో. కాళ్ళలో పట్టు తగ్గడం, తిమ్మిరి పైకి పాకడం, మూత్రం బిగుసుకుపోవడం, పడుకుంటే పెరిగే నడుం నొప్పి గుర్తులు. ఆ రోజే స్టిరాయిడ్ ఇచ్చి, 24 గంటల్లోపు వెన్ను మొత్తానికీ ఎంఆర్‌ఐ తీసి, రేడియేషనో ఆపరేషనో చేయాలి. నడుస్తూ వచ్చినవాళ్ళు ఎక్కువమంది నడుస్తూనే వెళ్తారు. కాళ్ళు పూర్తిగా పడిపోయాక వస్తే తిరిగి నడవడం అరుదు. బైకు మీద కూర్చోబెట్టి తీసుకెళ్ళొద్దు, 108కి ఫోన్ చేసి పడుకోబెట్టి తీసుకెళ్ళండి.

నొప్పికి మార్ఫిన్ రాశారు. అలవాటైపోదా?

క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పినట్టు వాడితే వ్యసనం కావడం అరుదు. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకి వేసుకోవాలి. మలబద్ధకం తప్పదు, విరేచనం మందు మొదటి రోజు నుంచే పక్కన ఉండాలి. 2014లో చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీన్ని ఇవ్వడం సులువైంది. ప్రతి మందుల షాపులోనూ దొరకదు. ఒకే చోట ఎముక నొప్పైతే 8 గ్రే రేడియేషన్ ఒక్క రోజు ఇచ్చినా, పది రోజులు ఇచ్చినా నొప్పి తగ్గడం సమానమే. దూరం నుంచి వచ్చేవారు ఒక్కరోజుది అడగాలి. డైక్లోఫెనాక్ సొంతంగా వాడి మూత్రపిండాలు పాడుచేసుకోవద్దు.

## ప్రయాణం, కార్డులు, కాగితాలు

బరంపురమా, కటకా, విశాఖా?

నిర్ణయం ఒకచోట, రోజువారీ వైద్యం ఇంటి దగ్గర అన్న పద్ధతి మంచిది. ఏ మందు అన్నది తేల్చడానికి కటక్‌లోని ఆచార్య హరిహర్ క్యాన్సర్ సంస్థ, భువనేశ్వర్ ఎయిమ్స్, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. బరంపురం, ఛత్రపురం వైపు వారికి కటక్ సులువు. రాయగడ, గుణుపురం వైపు వారికి విశాఖ. అక్కడ రాసిచ్చిన కీమో పథకాన్ని ఒడిశా జిల్లా ప్రధాన ఆసుపత్రుల్లోని డే కేర్ కీమో కేంద్రాల్లో ఎక్కించుకోవచ్చు. జ్వరం లాంటి అత్యవసరానికి దగ్గరున్న మెడికల్ కాలేజీకే వెళ్ళాలి: బరంపురంలో ఎంకేసీజీ, కోరాపుట్‌లో ఎస్‌ఎల్‌ఎన్.

మాది ఒడిశా కార్డు. విశాఖలో చెల్లుతుందా?

ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్య సేవ ఆ రాష్ట్రం వారికే, అక్కడ బంధువులున్నారని మనకి రాదు. ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ 2025 ఏప్రిల్ నుంచి గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిపి నడుస్తోంది. ఆ కార్డు ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ పనిచేస్తుంది. 70 ఏళ్ళు దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ కార్డు ఇస్తారు. ఈ జబ్బు వచ్చేవారిలో చాలామంది ఆ వయసువారే, కాబట్టి పెద్దాయనకి ముందు అది చేయించండి. అయితే కార్డు చెల్లడం వేరు, మీకు రాసిన మందు ప్యాకేజీలో ఉండటం వేరు. ఆసుపత్రిలో ఈ కార్డుల పని చూసే ఆయుష్మాన్ మిత్ర దగ్గర మందు పేరు చూపించి అడిగాకే చేరండి. ఆధార్‌లో పేరు, కార్డులో పేరు ఒక్కలా ఉండాలి. ఒడియా నుంచి ఇంగ్లిషుకి మార్చినప్పుడు ఇంటిపేరు తారుమారైతే అనుమతి ఆగిపోతుంది.

రైలు టికెట్‌లో తగ్గింపు ఉందట?

ఉంది. వైద్యానికి వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్, త్రీ ఏసీలో టికెట్ ఉచితం, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే రైల్వే నమూనా పత్రం మీద డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. టికెట్ స్టేషన్ కౌంటర్‌లో తీసుకోవాలి.

పెద్దాసుపత్రికి వెళ్ళేటప్పుడు ఏమేం పట్టుకెళ్ళాలి?

బయాప్సీ రిపోర్టు, వీలైతే బ్లాక్, పీఎస్‌ఏ అంకెలన్నీ తేదీలతో ఒకే కాగితం మీద, టెస్టోస్టిరాన్ ఫలితం, స్కాన్ రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ కూడా, ఏ మందు ఎప్పుడు మొదలై ఎప్పుడు, ఎందుకు ఆగింది. ఈ చివరిదే ఎవరి దగ్గరా ఉండదు, డాక్టరు ముందుగా అడిగేదీ అదే.

## పరిశోధనలు, ట్రయళ్ళు

ఇమ్యునోథెరపీ ఇప్పించమంటున్నారు బంధువులు. పనికొస్తుందా?

చాలామందికి రాదు. పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుని డోసిటాక్సెల్‌తోనూ ఎంజాలుటమైడ్‌తోనూ కలిపి పెద్ద పరీక్షలు చేశారు, మేలు కనిపించలేదు. గడ్డలో ఎంఎస్ఐ-హై అనే మార్పు ఉన్న కొద్దిమందికి మాత్రం బాగా పనిచేయొచ్చు. జన్యు పరీక్షలో ఆ మాట లేకుండా పొలం అమ్మి ఇది కొనొద్దు.

కొత్తగా ఏం వస్తున్నాయి?

అడ్డుకోవడం కాదు, రిసెప్టర్‌నే కణంలోని చెత్త పారబోసే యంత్రాంగానికి అప్పజెప్పి కరిగించే మందులు పరీక్షల్లో ఉన్నాయి. ఒపెవెసోస్టాట్ అనే మాత్ర హార్మోన్ల తయారీని అబిరాటెరోన్ కన్నా పై మెట్టులోనే ఆపుతుంది. అప్పుడు ఒంటికి కావాల్సిన స్టిరాయిడ్ కూడా ఆగుతుంది కాబట్టి దాన్ని బయట నుంచి ఇస్తారు. క్యాన్సర్ కణం మీదుండే స్టీప్1 అనే ప్రొటీన్‌నీ మన రక్షణ కణాన్నీ ఒకచోట కలిపే జంట యాంటీబాడీలు ఇంకో దారి. లుటీషియం బదులు ఇంకా గట్టిగా దెబ్బతీసే ఆక్టీనియం-225 మీద ఢిల్లీ ఎయిమ్స్ వారు కూడా ఫలితాలు ప్రచురించారు. దాంతో నోరు ఎండిపోవడం ఎక్కువ.

వినడానికి విడ్డూరంగా ఉండేది ఒకటుంది: ఎండగట్టిన కణానికి ఒక్కసారిగా టెస్టోస్టిరాన్ పోసి ఉక్కిరిబిక్కిరి చేయడం. 2021లో ఎంజాలుటమైడ్‌తో పోల్చితే జబ్బు ఆగిన కాలం దాదాపు సమానంగా వచ్చింది. నొప్పులున్నవారికి ఇది ప్రమాదం. ట్రయల్‌లో తప్ప బయట ఎవరూ చేయించుకోకూడదు.

ట్రయల్‌లో చేరమన్నారు. మా మీద ప్రయోగం చేస్తారా?

ప్రయోగమే, కానీ కట్టుబాట్లున్నాయి. మన దేశంలో 2009 నుంచి ప్రతి ట్రయల్ సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్‌లో ముందుగా నమోదు కావాలి. ఆ నంబరు అడగండి, వెబ్‌సైట్‌లో చూడండి. సమ్మతి పత్రం మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఒడియా చదవలేనివారు తెలుగు పత్రం అడగొచ్చు, ఇంటికి తెచ్చుకుని చదివాకే సంతకం పెట్టొచ్చు. 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, నష్టపరిహారం ఉంటుంది. ఎప్పుడైనా మానేయొచ్చు, అందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

చేరేముందు అడగాల్సినవి: రెండో జట్టుకి ఏ మందు ఇస్తారు, ఉత్త మాత్రా; నెలకి ఎన్నిసార్లు రావాలి; ప్రయాణ ఖర్చు ఎవరిది; అదనపు స్కాన్‌లకి డబ్బు కట్టాలా; ట్రయల్ అయిపోయాక మందు పనిచేస్తుంటే ఇస్తూ ఉంటారా. డబ్బు కట్టించుకుని ‘ట్రయల్ మందు’ ఇస్తామనేవారు ఎవరైనా సరే, లేచి వచ్చేయండి.